జహాజ్ గోదాంలో ఊపిరి

బస్తర్‌లో, జగదల్‌పూర్ నుంచి నగర్‌నార్ పోయే రోడ్డు మీద, స్టీలు ప్లాంటు లారీలు టీకి ఆగే చోటు దాటాక, ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. పగలు చూస్తే అంత అమాయకమైన కట్టడం ఆ దారిలో ఇంకోటి కనబడదు. తుప్పు పట్టిన గేటు, గేటు పక్కన కాపలావాడి గుడిసె, వెనకాల నాలుగు సాల్ చెట్లు. దాన్ని అందరూ జహాజ్ గోదాం అంటారు. చీకటి పడ్డాక మాత్రం ఆ పేరు ఎవరూ ఎత్తరు.

వాన పడ్డ రాత్రి అందులో దీపాలు వెలుగుతాయట. కరెంటు పోయినా సరే. మనిషి భుజమంత ఎత్తులో, మినుకు మినుకుమంటూ ఒకటి… కాసేపటికి ఇంకోటి… ఆ దీపాల పక్కన పసుపు రంగు ఛాతీలు కనబడతాయట. మెడ పైన మాత్రం ఏమీ ఉండదట. చూసినవాళ్ళు అంతకంటే ఎక్కువ చెప్పలేదు. అంతకంటే ఎక్కువసేపు అక్కడ నిలబడలేదు మరి.

ఒక్క దీపాలే అయితే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. శబ్దం కూడా ఉంది. తడి కట్టెల పొయ్యిని ఎవరో గొట్టంతో ఊదుతున్నట్టు — ఫూ… ఫూ… అని. ఊదడం, ఆగడం, మళ్ళీ ఊదడం. ఆ షెడ్డులో పొయ్యి లేదు.

ఇనుప గనుల ఊరు బచేలిలో, కంపెనీ క్వార్టర్లలో ఈ కథ చెప్పుకునేవాళ్ళు ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఎందుకంటే ఆ షెడ్డులో ఒక రాత్రి గడిపిన కుర్రాడు వాళ్ళ కాలనీవాడే — మైన్స్‌లో చేసి రిటైరైన గవర్రాజు గారబ్బాయి, శ్రీకాంత్.

శ్రీకాంత్ ఐటీఐ చదివి, హైదరాబాద్ శివార్లలో ఒక హ్యాంగర్‌లో మూడేళ్ళు పనిచేశాడు. మనుషుల్ని మోసి మోసి ముసలిదైపోయిన విమానాన్ని సరుకులు మోసేదిగా మార్చడం అక్కడి పని. సీట్లు పీకేస్తారు. తల మీది అరలు, వంటగది, మరుగుదొడ్లు, తివాచీ, గోడలకున్న ప్లాస్టిక్ పలకలు — అన్నీ ఊడదీస్తారు. కిటికీలకు రేకు బిళ్ళలు బిగించి మూసేస్తారు. పక్కన పెద్ద తలుపు కోసి, నేల కింద దూలాలు గట్టిచేసి, సరుకు దొర్లడానికి రోలర్లు పరుస్తారు. ఇక ఆ విమానంలో నడిపేవాళ్ళు తప్ప మనుషులు కూర్చోరు. పార్సిళ్ళు కూర్చుంటాయి.

శ్రీకాంత్‌ది ఊడదీసే జట్టు. ఆ మూడేళ్ళలో వాడికి మనిషి జాతి మీదే అసహ్యం పుట్టింది.

పుట్టదా మరి? సీటు దిండు ఎత్తితే గోళ్ళ ముక్కలు. పల్లీ పొట్టు. వెంట్రుకల ఉండలు. వాంతి చేసుకున్న సంచిని నాలుగు మడతలు పెట్టి ముందు సీటు జేబులో దోపి, టై సర్దుకుని దిగిపోయిన పెద్దమనుషులు. ఒకచోట ఎవరిదో ఆవకాయ సీసా పగిలి, నూనె తివాచీలోకి దిగి, ఎన్నేళ్ళ నుంచో అక్కడే పులుస్తోంది. వంటగది నేల ఎత్తితే కాఫీ, పాలు, పళ్ళరసం పొరలు పొరలుగా పేరుకుని నల్లటి జిగురైపోయింది, ఆ జిగురులో బొద్దింకలు. మరుగుదొడ్డి కింద దూలం సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. పైన మాత్రం అంతా తెల్లటి తొడుగులు, సెంటు వాసన, నవ్వు మొహాలు.

సెలవుకి ఇంటికొస్తే తల్లి పైడమ్మ చేపల పులుసు పెట్టేది. వాడు కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవాడు. ముద్ద నోటి దాకా వెళ్ళేది కాదు.

అన్నిటికంటే రోత సీటు కింద ఉండేది. ప్రతి సీటు కిందా ఒక సంచి, సంచిలో పసుపు రంగు లైఫ్ జాకెట్. విమానం నీళ్ళలో దిగితే దాన్ని మెడలో వేసుకుని తాడు లాగాలి. చిన్న సిలిండర్లో ఉన్న గ్యాసుతో అది ఉబ్బుతుంది. ఆ సంచిలో జనం ఏం దాస్తారో విమానమెక్కే మర్యాదస్తులకి తెలియదు. నమిలి ఉమ్మిన గమ్, ముక్కు తుడిచిన కాగితం, ఒకసారైతే చంటిపిల్లాడి డైపర్.

గడువు తీరిన జాకెట్లకి ఒక పద్ధతి ఉంది. ముందు సిలిండర్లు తీసేసి వేరే పంపాలి. తర్వాత ఒక్కో జాకెట్‌నీ బ్లేడుతో ఈ చివర నుంచి ఆ చివరకి కోసెయ్యాలి. మళ్ళీ ఎవడూ దాన్ని నమ్మి మెడలో వేసుకోకుండా. కోశాక కట్టకో ఎర్ర చీటీ కట్టి, ‘పనికిరాదు, కోసి పారేశాం’ అని ఇంగ్లీషులో అచ్చేసి ఉన్న చోట సంతకం పెట్టాలి.

సిలిండర్లు తీసేవాడు మోచేతుల దాకా తొడుగులేసుకుని తీసి, జాకెట్లని శ్రీకాంత్ ముందు కుప్ప పోసేవాడు. కోత శ్రీకాంత్ వంతు. ఒకరోజు ఒక జాకెట్ మడత విప్పి, లోపల ఉన్నది చూసి, పరిగెత్తుకెళ్ళి గోడ పక్కన కక్కుకున్నాడు. ఆ రోజు నుంచి కోయడం మానేశాడు. సంతకం పెట్టడం మాత్రం మానలేదు. తుక్కులోకి పోయేదే కదా, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాడు.

ఆ తర్వాత ఎంతో కాలం అక్కడ ఉండలేదు. నడుం నొప్పి అని చెప్పి ఉద్యోగం మానేసి బచేలి వచ్చేశాడు.

ఇక కాశయ్య. కొంటాలో పుట్టి, జగదల్‌పూర్‌లో దుకాణం పెట్టి, అమ్ముడుపోని వస్తువు భూమ్మీద లేదని రుజువు చేసిన మనిషి. హైదరాబాద్‌లో విమానాల కడుపులోంచి పీకేసిన సరుకు లారీల్లో దింపించి ఆ షెడ్డులో పోశాడు. సీట్లు కటింగ్ షాపులకి, ట్రాలీలు ధాబాలకి అమ్మాడు. బస్తర్‌లో గడ్డం గీయించుకోవడానికి కూర్చుంటే తొడల దగ్గర బెల్టు తగిలిందంటే అది కాశయ్య చలవే. అక్కడి హిందీలో జహాజ్ అంటే విమానం. షెడ్డుకి జహాజ్ గోదాం అన్న పేరు అలా వచ్చింది.

ఆ ఆషాఢంలో కాశయ్య పాత పరిచయం కొద్దీ గవర్రాజుకి ఫోన్ చేసి కొడుకుని పంపమన్నాడు. శ్రీకాంత్ మధ్యాహ్నం బస్సుకి దిగాడు. సంగతి చిన్నదే. రెండొందల పీసుల మాల్ పొద్దున్నే లారీ ఎక్కాలి. లేబర్ లోపలికి అడుగు పెట్టనంటోంది. దీపాలట, ఊదుడట.

“ఏంది శ్రీకాంతూ, విమానాల పొట్ట చీరినోనివి, నీకు దెయ్యమేంది?” అన్నాడు కాశయ్య, పాన్ నములుతూ. “ఒక్క రాత్రి లోపల పండు. పొద్దుగాల నువ్వు నవ్వుకుంట బయటికొస్తే, లేబర్ గప్‌చుప్‌గ మాల్ ఎక్కిస్తది. నిన్ను నా గోదాంకి మేనేజర్‌ని చేస్త.”

ఏం మాల్ అని శ్రీకాంత్ అడగలేదు. అడగకుండా ఉండడం వాడికి అప్పటికే అలవాటైపోయింది.

సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళేసరికి మబ్బు కమ్ముకొచ్చింది. కాపలావాడు ఇర్మా — కొంటా వైపు దోర్లా తెగ ముసలాయన, తెలుగు వచ్చు — గుడిసె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయనకి కాస్త ఎడంగా ఒక ఆడమనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని షెడ్డు తలుపు వైపే చూస్తోంది. శ్రీకాంత్ వచ్చినా చూపు తిప్పలేదు.

ఎవరని అడిగితే ఇర్మా గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె పేరు లక్కే. ఇంద్రావతి అవతలి ఒడ్డు ఊరు. మొగుడు సుక్కా ఘాట్ దగ్గర పడవ వేసేవాడు. ఈ వానాకాలం జాకెట్ లేకుండా పడవ కదలకూడదని రూల్ వచ్చింది. సుక్కా ఈ గోదాం నుంచే జాకెట్ తెచ్చుకున్నాడు. పన్నెండు రోజుల కింద వరదలో పడవ తిరగబడింది. పడవలో ఉన్న నలుగురినీ సుక్కా ఒక్కొక్కరినే ఒడ్డు చెట్టు కొమ్మకు అందించాడు. తనకి జాకెట్ ఉందన్న ధీమా. ఆఖరికి చేతులు సోలిపోయి, తాడు లాగాడు…

“ఏం కాలే బాబూ,” అన్నాడు ఇర్మా. “మళ్ళ లాగిండు. ఏం కాలే. ఒడ్డు మీదోళ్ళు చూస్తనే ఉన్నరు.”

మర్నాడు రెల్లులో దొరికాడు. జాకెట్‌కి ఒక ఎర్ర గొట్టం ఉంటుంది, గ్యాసు పనిచేయకపోతే నోటితో ఊదుకోవడానికి. అది సుక్కా పళ్ళ మధ్య బిగుసుకుపోయి ఉంది. ఊదబోయాడు. ఊదడానికి ఊపిరి మిగల్లేదు.

శ్రీకాంత్ ఏ జాకెట్ అని అడిగాడు. పసుపుది అన్నాడు ఇర్మా.

పోలీసులు రాకముందే సేఠ్ కాశయ్య మనిషి ఘాట్‌కి పోయి, శవం మీద నుంచి ఆ జాకెట్ విప్పుకొచ్చాడట. సేఠ్ దాన్ని కడిగించి, మిగతా వాటితో పాటు అమ్మకానికే తగిలించాడట. ఇది చెబుతూ ఇర్మా పక్కకి తిరిగి ఉమ్మేశాడు. శ్రీకాంత్ మూడేళ్ళు చూసిన రోతంతా ఒకవైపు, ఇది ఒకవైపు.

లక్కే వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఊరి బయట రాయి నిలబెడతారు. ఆఖరున ఒంటి మీద ఉన్నది ఆ రాయి దగ్గర పెట్టాలి. పెట్టకపోతే పోయినవాడు చేస్తున్న పని వదలక, అదే చేస్తూ ఉంటాడని ఆమె నమ్మకం. సేఠ్‌ని అడిగితే అన్నీ ఒకటే, ఏదో ఒకటి తీసుకుపో అన్నాడు. ఏదో ఒకటి ఆమెకి అక్కర్లేదు. అందుకే రెండు సంతలుగా వచ్చి ఇక్కడ కూర్చుంటోంది. ఇవాళ ఏరు పొంగి తిరిగి పోలేక, ఇర్మా గుడిసెలోనే పడుకుంటుంది.

శ్రీకాంత్ లేచాడు. ఇర్మా వాడి చొక్కా పట్టుకున్నాడు.

“లోపల పండొద్దు బాబూ… ఆడు ఇంక ఊదుతనే ఉన్నడు.”

ఏడున్నరకి వాడు తలుపు తెరిచాడు. మూడేళ్ళు తప్పించుకు తిరిగిన వాసన ఎదురొచ్చి పలకరించింది. పులిసిన తివాచీ, పాత వాంతి, మరుగుదొడ్డి మందు… కాశయ్య సీట్లని మూడేసి చొప్పున వరుసలుగా పేర్పించాడు, నడుమ దారి వదిలి. గోడలూ రెక్కలూ లేని విమానంలా ఉంది. కిటికీల్లేవు. ఎవరూ లేరు.

పైన ఒకే ఒక్క బల్బు. వాన మొదలైంది. రేకుల మీద రాళ్ళు పోసినట్టు మోత. అంతలో బల్బు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

శ్రీకాంత్ ఫోన్ తీసి లైటు వేసేలోగానే — దూరంగా, వెనక గోడ దగ్గర, ఒక చుక్క వెలిగింది.

వాడు కదల్లేదు. చుక్క చిన్నదే, తెల్లగా, భుజమంత ఎత్తులో ఉంది. దాని కింద పసుపు రంగు ఛాతీ. మెడ ఉండాల్సిన చోట గుండ్రటి ఖాళీ… పక్కన ఇంకో చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకోటి. వరుసగా ఏడెనిమిది మంది, తలల్లేకుండా, గోడకి ఆనుకుని నిలబడి వాడి వైపే చూస్తున్నట్టుంది.

శ్రీకాంత్ వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆ అడుగులోనే వాడికి గుర్తొచ్చింది… గుర్తొచ్చి, ఒంటరిగా ఆ చీకట్లో పగలబడి నవ్వాడు.

నీళ్ళు! అంతే, నీళ్ళు. జాకెట్ భుజం మీద గోలీకాయంత దీపం ఉంటుంది. దాని తీగ చివర చిన్న బ్యాటరీ, బ్యాటరీకి రెండు బెజ్జాలు. సముద్రంలో పడ్డ మనిషి రాత్రిపూట కనబడాలని అలా చేశారు. నీళ్ళు తగిలితే చాలు, దానంతటదే వెలుగుతుంది. రేకులు కారుతున్నాయి. కారిన చోట తీగ మీద వేలాడదీసిన జాకెట్లు తడుస్తున్నాయి. తడిసినవి వెలుగుతున్నాయి. బస్తర్‌ని బెదరగొట్టిన దెయ్యం ఇదీ! ఇంకో తమాషా, ఆ దీపం ఒక్కసారే వెలుగుతుంది. ఒక రాత్రి వెలిగి చచ్చిపోతుంది. ఆ తర్వాత బిందెలతో నీళ్ళు పోసినా మళ్ళీ వెలగదు. అందుకే ఒక వానకి ఒక మూల, ఇంకో వానకి ఇంకో మూల అని జనం చెప్పుకున్నారు.

నవ్వుతూనే దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ లైటు జాకెట్ మీద పడింది. జాకెట్ మెడకి ఎర్ర చీటీ కట్టి ఉంది.

నవ్వు అక్కడే ఆగింది.

పక్కదానికీ ఉంది. దాని పక్కదానికీ. అన్నీ జిరాక్సు చీటీలు, ఒకే చీటీకి తీసిన రంగు జిరాక్సులు. ‘పనికిరాదు, కోసి పారేశాం.’ కింద శ్రీకాంత్ సంతకం. ఏ జాకెట్ మీదా బ్లేడు గాటు లేదు. చేత్తో తడిమి చూశాడు. సిలిండర్ ఉండాల్సిన చోట ఖాళీ. తాడు లాగితే తాడు మాత్రమే చేతికొస్తుంది.

అప్పుడు అర్థమైంది రెండొందల పీసుల మాల్ ఏమిటో. పొద్దున్నే ఎన్ని ఘాట్లకి పోతుందో.

కాశయ్యకి ఫోన్ చేశాడు. వీటిలో సిలిండర్లు లేవు బాబాయ్, ఇవి తుక్కు, ఇవి ఎవరూ వేసుకోకూడదు అన్నాడు. అవతల కాశయ్య ఏదో తింటున్నాడు. నమలడం ఆపలేదు.

“చీటీ ఉంది గదా. హైదరాబాద్ సాబ్ సంతకం ఉంది, పాస్ అయిన మాల్. అందుకేగా ఒక్కోదానికి కట్టించింది. చీటీ చూసినాకనే ఆ పడవోడు కూడ కొన్నడు.”

“బాబాయ్… ఆ సంతకం నాది.”

నమలడం ఆగింది. తర్వాత కాశయ్య హాయిగా ఊపిరి వదిలాడు.

“అయితే ఇంకేంది! నువ్వే పాస్ చేసినవు గదా.”

శ్రీకాంత్ ఫోన్ పెట్టేసి, సీట్ల మధ్య వంగి, పేగులు తెగేలా కక్కుకున్నాడు. ఈసారి ఎవరో ముక్కూ మొహం తెలియని ప్రయాణికుడి మీద కాదు రోత. పడవవాడు ఆ చీటీ చూశాడు. చదవడం రాదు. ఎర్ర కాగితం, ముద్ర, కింద ఎవరో చదువుకున్నవాడి సంతకం. అంతకంటే నమ్మకం ఏం కావాలి అనుకుని ఉంటాడు. నలుగురిని కొమ్మకి అందించేటప్పుడు ఆ సంతకాన్ని నమ్ముకునే ఉన్నాడు.

మూతి తుడుచుకుని చూస్తే, గోతాలు కోసే బ్లేడు గుమ్మం దగ్గర మేకుకి వేలాడుతోంది. తీసుకున్నాడు.

మొదటి జాకెట్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి కోశాడు. రెండోది. మూడోది. తీగ మీద ఉన్నవయ్యాక కట్టలు విప్పాడు. మడతల్లో గమ్ వేళ్ళకంటింది. ఎండిన ఉమ్ము, వెంట్రుకలు, పేరు తెలియని జిగట… తొడుగుల్లేవు. చేతులు కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు. ఏడాది కింద సంతకం పెట్టిన పనిని ఇప్పుడు చేస్తున్నాడు. వెలుగుతున్నవి తెగి కింద పడి, నేల మీద కూడా కాసేపు వెలుగుతూనే ఉన్నాయి. భుజాలు లాగేశాయి, అరచెయ్యి బొబ్బలెక్కింది. గంట గడిచిందో రెండు గడిచాయో వాడికి తెలియలేదు.

ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది. ఇంక ఒక్కటే మిగిలింది.

అది విడిగా, కుడి మూల, కొత్త రేకులు వేసిన చోట తగిలించి ఉంది. అక్కడ ఒక్క చుక్క కూడా కారడం లేదు. నేల పొడిగా ఉంది. లైటు దగ్గరగా పట్టాడు. కుట్లలో ఏటి బురద. చీటీ మీద అక్షరాలు కరిగి ఎర్రటి మరక మిగిలింది. ఎర్ర గొట్టం చివర వరుసగా పంటి గాట్లు.

సుక్కాది ఇదే. ఏట్లో తడిసినప్పుడే దీని దీపం వెలిగి చచ్చిపోయి ఉంటుంది. సగం నలిగి, అణిగిపోయి, ఉతికి ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది.

ఫోన్ ఆరిపోయింది.

చీకటి. వాన మోత కూడా కొంచెం తగ్గింది. శ్రీకాంత్ చేతిలో బ్లేడుతో నిలబడ్డాడు. ఎదురుగా, జానెడు దూరంలో —

దీపం వెలిగింది.

వెలగకూడదు. నీళ్ళు తగల్లేదు, తగిలినా వెలగకూడదు. ఆ సంగతి బస్తర్ మొత్తంలో వాడొక్కడికే తెలుసు. అందుకే ఇంకెవరూ భయపడనంతగా భయపడ్డాడు. పరిగెత్తమని ఒళ్ళంతా అరుస్తోంది.

అప్పుడు వినబడింది. చాలా దగ్గరగా.

ఫూ…

జాకెట్ మీద ఒక మడత విచ్చుకుంది.

ఆగింది. ఎవరో ఊపిరి కూడదీసుకుంటున్నారు. అలిసిపోయినవాడి ఊపిరి, గొంతులో నీళ్ళు గరగరలాడుతున్న ఊపిరి.

ఫూ…

ఇంకో మడత లేచింది. గొట్టం చివర పంటి గాట్లు ఉన్నచోట తడి మెరిసింది. సిలిండర్ లేదు, గాలి లేదు, మనిషి లేడు. జాకెట్ మాత్రం కొంచెం కొంచెంగా, పట్టుదలగా ఉబ్బుతోంది. ఎంతసేపైందో… ఆఖరికి నిండుగా, బిగువుగా ఉబ్బి నిలిచింది. ఊదడం ఆగిపోయింది.

శ్రీకాంత్ చేతిలోంచి బ్లేడు జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగలేదు. రెండు చేతులూ చాచి, నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచం మీంచి ఎత్తినట్టు, ఆ జాకెట్‌ని తీగ మీంచి ఎత్తాడు. అది వెచ్చగా ఉంది.

బయట సన్నగా పడుతోంది. గుడిసె చూరు కింద లక్కే మేలుకునే ఉంది. చేతుల్లో దీపంతో వస్తున్న మనిషిని చూసి ఇర్మా గోడకి అతుక్కుపోయాడు. ఆమె లేచి నిలబడింది. ఎదురొచ్చింది.

జాకెట్‌ని ఒళ్ళోకి తీసుకుని నేల మీద కూర్చుంది. కుట్లు తడిమింది. గొట్టం తడిమింది. పంటి గాట్ల దగ్గర బొటనవేలు ఆగింది. గాట్ల మధ్య ఒకచోట ఖాళీ ఉంది, ఒక పన్ను లేనట్టు. వేలు అక్కడే చాలాసేపు ఉంది.

తర్వాత గొట్టాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, చివరనున్న మూతని వేలితో నొక్కింది.

లోపలున్న ఊపిరి బయటికి రాసాగింది. మెల్లగా, పొడుగ్గా, ఆమె మొహం మీదికి. శ్రీకాంత్‌కి వాసన తగిలింది. ఏటి బురద, ఇప్పసారా, పొగాకు, పాచి నోరు. ఇంకో రోజైతే ముక్కు మూసుకుని ఆమడ దూరం పోయేవాడు. వాడు అక్కడే, వానలో నిలబడ్డాడు.

ఆమె కళ్ళు మూసుకుని ఆఖరి దాకా పీల్చింది. జాకెట్ ఒళ్ళో చప్పబడిపోయింది. దీపం ఆరిపోయింది. చూరు నుంచి నీళ్ళు ధారగా దాని మీద పడుతూనే ఉన్నాయి. అది మళ్ళీ వెలగలేదు.

లక్కే వాళ్ళ భాషలో ఒకే ఒక్క మాట అంది. శ్రీకాంత్‌కి అర్థం కాక ఇర్మా వైపు చూశాడు.

ముసలాయన గోడ వదిలి రాలేదు. అక్కడి నుంచే, వినీ వినబడనట్టు చెప్పాడు.

“‘మావోడే’ అంటంది, బాబూ.”